అథెల్నీ నడక: రాజు తలదాచుకున్న పల్లపు నేల మీద నాలుగున్నర గంటలు

ఇంగ్లండుకు నైరుతి మూలన సోమర్సెట్ కౌంటీలోని పల్లపు భూముల మధ్య అథెల్నీ అనే చిన్న మిట్ట ఉంది. క్రీ.శ. 878లో స్కాండినేవియా నుంచి దండెత్తి వచ్చిన వైకింగుల దెబ్బకు రాజ్యం దాదాపుగా చేజారిపోయిన వేళ వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్ తలదాచుకున్నది ఇక్కడే. స్థానిక గైడ్ ఒకరు వెంట ఉండి ఆ ప్రాంతమంతా నడిపించి చూపించే అర్ధదినపు యాత్రకు మొన్న మార్చి ఆఖరి శనివారం నేనూ, ఇండియా నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్న మా మామగారూ వెళ్లివచ్చాము. మనిషికి 22 పౌండ్లు తీసుకున్నారు. ఎనిమిది కిలోమీటర్ల దూరమనీ, నాలుగు గంటల సమయమనీ, నడక సులభమనీ బుకింగ్ వివరాల్లో రాశారు. దూరం నిజమే, సమయం మరో అరగంట ఎక్కువ పట్టింది. సులభమన్న మాట గురించి తరువాత చెబుతాను.

డబ్బు కట్టేముందు ఎవరైనా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. అథెల్నీలో కంటికి కనబడే విశేషమేమీ లేదు. కోటగోడ లేదు, బురుజు లేదు, కందకం ఆనవాలు కూడా మామూలు కంటికి అందదు. పశువులు మేసే పచ్చిక మిట్ట, దాని మీద ఇనుప కంచె మధ్య ఒక రాతి స్తంభం, అంతే. కాబట్టి ఈ 22 పౌండ్లు చోటు చూసినందుకు ఇచ్చేవి కావు, గైడ్ నోటిమాటకు ఇచ్చేవి. ఆ లెక్కన చూస్తే మా డబ్బు ముప్పావువంతు బాగా గిట్టుబాటైందనీ, మిగిలిన పావువంతు నిర్వాహకుల తొందరపాటు వల్ల వృథా అయిందనీ నా అభిప్రాయం.

నడక పారెట్ నది ఒడ్డున బరోబ్రిడ్జ్ అనే ఊళ్లో, బరో మంప్ అనే గుట్ట కింద మొదలవుతుంది. గుట్ట ఎత్తు 24 మీటర్లే. మన వైపు దాన్ని దిబ్బ అని ఊరుకుంటాము. అయినా చుట్టూ కనుచూపు మేర అరచేయిలా చదునైన నేల కావడంతో అది కొండంత కనబడుతుంది. పైన పూర్తి కాకుండానే శిథిలమైన సెయింట్ మైకేల్ చర్చి గోడలు ఉన్నాయి. యుద్ధంలో చనిపోయినవారి స్మారకంగా ఈ గుట్టను 1946లో చారిత్రక స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకు అప్పగించారు. దీన్ని ఆల్ఫ్రెడ్ కోట అని కొందరు పిలిచినా అందుకు ఆధారమేమీ లేదని గైడ్ మొదటి మాటగానే చెప్పేశారు. తాను అమ్ముతున్న సరుకులో కల్తీ ఎంతో తానే ముందు చెప్పే మనిషి మీద నమ్మకం కుదరడం సహజం. నాకైతే అక్కడే కుదిరింది.

ఆవిడ ఈ పల్లంలోనే పుట్టి పెరిగినావిడ. గుట్ట మీద మమ్మల్ని వలయంగా నిలబెట్టి ఒక పటం విప్పారు. దాని మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి ఉంది, ఆ కాగితం మీద నీలిరంగు పూసి ఉంది. కాగితం తీస్తే ఈనాటి పొలాలు, వేస్తే ఆనాటి నీళ్లు. నీలిరంగు పరిచినప్పుడు దాదాపు అంతా మునిగిపోయి, అక్కడక్కడ చుక్కల్లా కొన్ని మిట్టలు మాత్రమే తేలాయి. ఇక్కడి ఊళ్ల పేర్ల చివర వచ్చే ‘నీ’ అనే తోకకు పాత ఇంగ్లీషులో లంక అని అర్థమని అప్పుడు వివరించారు. మచెల్నీ అంటే పెద్ద లంక, థోర్నీ అంటే ముళ్ల లంక, అథెల్నీ అంటే రాకుమారుల లంక. కృష్ణా, గోదావరి లంకల పేర్లు వింటూ పెరిగిన మాకు ఇంతకంటే తేలికగా బోధపడే పాఠం ఉండదు. సోమర్సెట్ అన్న పేరులోనూ వేసవి దాగి ఉందన్నారు. శీతాకాలమంతా నీట మునిగి, వేసవిలో మాత్రమే పశువులను తోలుకురావడానికి వీలైన నేల ఇది.

ఈ పటం చూపించిన తరువాతే ఆవిడ చరిత్ర ఎత్తుకున్నారు. ఆ వరుస నాకు నచ్చింది, ఎందుకంటే నేల తెలియకుండా ఈ కథ వింటే ఆల్ఫ్రెడ్ చేసిన పని పారిపోవడంలాగే వినబడుతుంది. వైకింగుల సేన అప్పటికే ఆనాటి ఇంగ్లండు రాజ్యాల్లో నార్తంబ్రియాను, ఈస్ట్ ఆంగ్లియాను మింగేసింది. మెర్సియా రాజు బర్గ్రెడ్ 874లో సింహాసనం వదిలి రోమ్ వెళ్లిపోయాడు. మిగిలింది వెసెక్స్ ఒక్కటే. 878 జనవరిలో, క్రిస్మస్ పండుగల చివరి రోజు ముగిసీ ముగియగానే, చలికాలంలో యుద్ధం ఉండదన్న ధీమాతో అందరూ ఉన్న వేళ, గుత్రమ్ అనే నాయకుడి సేన చిప్పెన్హామ్‌లోని రాజుగారి విడిదిని ఆక్రమించింది. జనంలో ఎందరో సముద్రం దాటిపోయారు, ఉన్నవారిలో చాలామంది లొంగిపోయారు. ఆల్ఫ్రెడ్ మాత్రం కొద్దిమంది అనుచరులతో అడవులు దాటుకుని ఈ బురదనేలలోకి వచ్చాడు. ఆ సంవత్సరం ఈస్టర్ మార్చి 23న వచ్చింది. ఆ పండుగ నాటికి అథెల్నీలో చిన్న కోట కట్టుకుని, సోమర్సెట్ మనుషులను కూడగట్టి, అక్కడి నుంచే శత్రువు మీద దాడులు మొదలుపెట్టాడు. మేము వెళ్లింది ఇంచుమించు అదే రుతువులో కావడం మా అదృష్టం, అది మేము ఏరికోరి చేసిన పనేమీ కాదు.

గుట్ట దిగి వంతెన మీదకు వచ్చేసరికి పారెట్ నది అడుగంటి ఉంది. రెండు పక్కలా చాకొలెట్ పూసినట్టు నిగనిగలాడే ఒండ్రు వాలు, మధ్యలో సన్నటి ప్రవాహం. మా మామగారు కృష్ణా డెల్టాలో నీటిపారుదల శాఖలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైనవారు. అప్పటిదాకా చరిత్రను మర్యాదగా వింటూ వచ్చిన ఆయన ఆ ఒండ్రును చూడగానే ఆగిపోయి, “బాబూ, ఇది పై నుంచి వచ్చిన మట్టి కాదు, సముద్రం ఎగదోసిన మట్టి. ఇక్కడిదాకా పోటు వస్తుందేమో ఆవిణ్ణి అడుగు” అన్నారు. అడిగాను. గైడ్ ముఖం విప్పారింది. బ్రిస్టల్ చానల్ ఆటుపోట్లు ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో చేరతాయి, కొన్ని చోట్ల నీటిమట్టంలో తేడా 14 మీటర్ల దాకా ఉంటుంది. ఆ పోటు పారెట్‌లో ఎగువకు తన్నుకుంటూ ఈ వంతెన దాటిపోతుంది. పోటు ఉన్నంతసేపూ పల్లంలోని నీరు కిందికి దిగదు. వర్షాలూ పోటూ కలిసొస్తే నేల మునగవలసిందే.

తరువాత పది నిమిషాల పాటు ఆ నడక వాళ్లిద్దరిదే అయిపోయింది, నేను దుబాసీని. మురుగు కాలువలు నదిలో కలిసేచోట పోటు వచ్చినప్పుడు తమంతట తామే మూసుకుపోయి, పాటులో తెరుచుకునే తలుపులుంటాయనీ, వాటిని ఇక్కడ క్లైస్ అంటారనీ ఆవిడ చెప్పారు. దివిసీమలో డ్రెయిన్ల చివర ఉప్పునీరు ఎగదన్నకుండా కట్టే స్లూయిజులకూ వీటికీ ఉన్న పోలికను ఆయన వేళ్లతో గాలిలో గీసి చూపించారు. 2013-14 శీతాకాలపు వరదల ప్రస్తావన కూడా అక్కడే వచ్చింది. వారాల తరబడి ఈ పల్లం నీళ్లలో ఉండిపోయింది. మచెల్నీకి దారులన్నీ మునిగి ఊరు మళ్లీ పాతకాలపు లంకలా మారింది. నెదర్లాండ్స్ నుంచి పెద్ద పంపులు తెప్పించి నీరు తోడారు. ఆ తరువాత బరోబ్రిడ్జ్ చుట్టుపక్కల పారెట్‌లోనూ, అక్కడే దానిలో కలిసే టోన్ నదిలోనూ ఎనిమిది కిలోమీటర్ల మేర పూడిక తీశారు. 878 నాటి శీతాకాలం ఎలా ఉండేదో ఊహించుకోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. మా బృందంలోని మిగతావారిలో కొందరు ఈ సంభాషణకు విసుక్కున్నారేమో కాని, ఎవరూ పైకి అనలేదు.

అక్కడి నుంచి దారి టోన్ నది కట్ట మీదుగా పడమటికి సాగుతుంది. నాకు ఈ యాత్రలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. కుడివైపు పొలాలను నిలువునా చీలుస్తూ సన్నటి కాలువలు ఉంటాయి. వాటిని రాసేటప్పుడు ‘రైన్’ అన్నట్టు రాసి, పలికేటప్పుడు ‘రీన్’ అంటారు. వీటికి కంచెలు అక్కర్లేదు, పొలానికీ పొలానికీ మధ్య నీళ్లే గట్టు. కాలువల వెంట తలలు నరికిన విల్లో చెట్లు వరుసలు తీరి ఉంటాయి. మొండెం మాత్రం లావుగా, వయసు మళ్లినట్టు కనబడుతుంది. పైన మాత్రం లేత కొమ్మలు ముళ్లపంది వెంట్రుకల్లా నిక్కపొడుచుకుని ఉంటాయి. మన వాళ్లకు విల్లో అనగానే క్రికెట్ బ్యాట్ గుర్తుకొస్తుంది కాని, ఇక్కడ ముఖ్యంగా పెంచేది దానికి దాయాది అయిన బుట్టల విల్లోను. దాని బెత్తాలను విథీలు అంటారు.

ఒక విథీ మడి దగ్గర గైడ్ మమ్మల్ని ఆపి కిందికి వంగి చూడమన్నారు. శీతాకాలంలో నేలబారుగా కోసేసిన మొదళ్లు పిడికిళ్లలా బురదలోంచి పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఒక్కో మొదలు మీద పదీ ఇరవై కోత గాట్లు, ప్రతి గాటూ తెల్లగా ఏటవాలుగా ఉంది, వాటి పక్కనే ఎర్రటి మొగ్గలు అప్పుడే చిట్లుతున్నాయి. ఒకే ఏడాదిలో ఇవి మనిషి ఎత్తు దాటిపోతాయి. కోసిన బెత్తాలను ఉడకబెట్టి తొక్క తీస్తే గోధుమరంగు వస్తుందట, వసంతంలో పచ్చివాటినే ఒలిస్తే తెల్లగా ఉంటాయట. ఆవిడ ఒక బెత్తాన్ని నా చేతికిచ్చి మణికట్టుకు చుట్టుకోమన్నారు. విరగకుండా కంకణంలా వంగింది. ఆల్ఫ్రెడ్ కాలంలో ఇక్కడివారికి దడులకూ, చేపల బుట్టలకూ, బురద మీద పరిచే తడికెలకూ ఇలాంటి బెత్తాలే ఆధారమై ఉంటాయని ఆవిడ అన్నారు. అది ఊహే అని తానే చేర్చారు.

ఆశ్రయమన్న మాటను పూజ్యభావంతో ఊదరగొట్టకుండా, ఆ నెలల్లో వాళ్లు ఏం తిని బతికారన్న ప్రశ్నను గైడ్ సూటిగా తీసుకోవడం నాకు నచ్చింది. ఆల్ఫ్రెడ్ ఆస్థానంలో ఉన్న వెల్ష్ మతాచార్యుడు ఆసర్ 893లో రాజు జీవితచరిత్ర రాశాడు. బతకడానికి వేరే దారి లేక, వైకింగుల మీదే కాక వాళ్లకు లొంగిపోయిన సొంత ప్రజల మీద కూడా దాడి చేసి దోచుకోవలసి వచ్చిందని అందులో ఉంది. రాజును మెచ్చుకోవడానికి రాసిన పుస్తకంలోనే ఈ మాట ఉండడం గమనించదగ్గ విషయం. చుట్టుపక్కల పల్లెల రైతుకు ఆ వసంతంలో ఇద్దరు దొంగలు కనబడి ఉంటారు, ఒకడు పరాయివాడు, ఇంకొకడు తన రాజు. ఈ మాట నాది, గైడ్‌ది కాదు.

ఇక రొట్టెల కథ. ఒక పేదింట్లో మారువేషంలో ఉన్న రాజు పొయ్యి మీది రొట్టెలను కనిపెట్టుకోమంటే పరధ్యానంలో మాడ్చేశాడనీ, ఆ ఇంటి ఇల్లాలు ఆయన్ను చెడామడా తిట్టిందనీ ఇంగ్లండులో ప్రతి పిల్లవాడికీ తెలిసిన కథ ఉంది. ఆసర్ దాన్ని రాయలేదు. అది మొదటిసారి కనబడేది దాదాపు వందేళ్ల తరువాత, సెయింట్ నియట్ అనే సాధువు చరిత్రలో. 16వ శతాబ్దంలో ఆర్చ్‌బిషప్ మాథ్యూ పార్కర్ ఆసర్ పుస్తకాన్ని అచ్చువేయిస్తూ దాన్ని అందులో ఇరికించడంతో, ఆసరే చెప్పాడన్న భ్రమ చాలాకాలం నిలిచిపోయింది. ఇదంతా బాగానే చెప్పిన తరువాత, నిర్వాహకులు పెట్టించిన ఏర్పాటు ప్రకారం గైడ్ సంచీలోంచి కావాలని మాడ్చిన ఓట్స్ బిళ్లలు తీసి తలా ఒకటి పంచారు. పిల్లలకు సరదాగా ఉంటుందేమో. పెద్దవాళ్లమైన మేము చేదు నోటితో మిగతా దూరం నడిచాము. మామగారు ఒక ముక్క కొరికి, మిగతాది రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నారు.

దారిలో ఒకచోట గైడ్ చెయ్యి పైకెత్తి అందరినీ ఆపారు. దూరంగా తడి పచ్చికలో బూడిదరంగు పక్షులు రెండు, మనిషి నడుము దాటిన ఎత్తువి, తలలు వంచి మేస్తున్నాయి. చూడగానే కొంగలనుకున్నాను కాని అవి క్రౌంచ జాతి పక్షులు. బ్రిటన్‌లో దాదాపు 400 ఏళ్ల కిందట కనుమరుగైన ఈ జాతిని జర్మనీ నుంచి గుడ్లు తెప్పించి, పొదిగించి, 2010 నుంచి 2014 దాకా 93 పక్షులను ఈ పల్లంలో వదిలారు. వాటిలో ఒకటి మెడ చాచి అరిచింది. బాకా ఊదినట్టున్న ఆ అరుపు నీళ్ల మీదుగా చాలాసేపు వినబడింది. ఆల్ఫ్రెడ్ విన్న శబ్దాల్లో ఈనాటికీ మిగిలినవాటిలో ఇదొకటి కావచ్చు. బుకింగ్ వివరాల్లో పక్షుల ప్రస్తావన లేదు, గైడ్ కూడా మాట ఇవ్వలేదు. మీకు కనబడకపోతే నన్ను తిట్టుకోవద్దు.

అథెల్నీ మిట్ట దగ్గరికి వచ్చేసరికి రెండున్నర గంటలు గడిచాయి. అది ప్రైవేటు పొలం, అక్కడికి వెళ్లడానికి ముందే అనుమతి తీసుకున్నామని చెప్పారు. మిట్ట మీద 1801లో ఆ భూమి యజమాని జాన్ స్లేడ్ నిలబెట్టిన స్తంభం ఉంది. గైడ్ తాను చదవకుండా, శాసనాన్ని మాలో ఒకరిచేత బిగ్గరగా చదివించి, అందులో తప్పులెన్నో చెప్పమన్నారు. నాచు పట్టిన అక్షరాలను కంచె సందుల్లోంచి మెడలు వంచి చదవడానికి అందరమూ ఒకరినొకరు తోసుకున్నాము. ఆల్ఫ్రెడ్ 879లో ఇక్కడికి వచ్చాడనీ, ఏడాది పొడుగునా దాక్కున్నాడనీ రాయి చెబుతోంది. నిజానికి అది 878. జనవరిలో బురదనేలల్లోకి వచ్చిన రాజు మే నెల మొదట్లో బయటికి వచ్చేశాడు. రాతి మీద చెక్కించినంత మాత్రాన తేదీ నిజం కాదని పదేళ్ల పిల్లవాడొకడు మొదట పట్టుకున్నాడు, అందరమూ చప్పట్లు కొట్టాము.

రాజ్యం నిలబెట్టుకున్న తరువాత ఆల్ఫ్రెడ్ ఇక్కడొక సన్యాసుల మఠం కట్టించాడు. దానికి పెద్దగా జాన్ అనే పండితుణ్ణి సముద్రం అవతల, నేటి జర్మనీలో ఉన్న సాక్సనీ నుంచి రప్పించాడు. స్థానికుల్లో సన్యాసం పుచ్చుకునేవారు కరువై, మిగతావారినీ సముద్రం అవతలి నుంచే తెచ్చుకోవలసి వచ్చింది. ఆ వచ్చినవారిలో ఇద్దరు జాన్ అంటే గిట్టక, అతను అర్ధరాత్రి చర్చిలో ఒంటరిగా ప్రార్థన చేసుకుంటున్నప్పుడు సేవకులచేత చంపించబోయారు. జాన్‌కు యుద్ధవిద్యలో కొంత ప్రవేశం ఉండడంతో తిరగబడి, గాయాలతో బయటపడ్డాడు. ఈ కథనూ ఆసరే రాశాడు. గైడ్ దీన్ని చెప్పిన తీరు అద్భుతం. కాళ్ల కింద గడ్డి తప్ప మరేమీ లేని చోట, ఇక్కడ గుమ్మం, అక్కడ వేదిక అంటూ అడుగులు లెక్కపెట్టి నడిచి చూపించారు. 1539లో మఠం రద్దయింది, తరువాత రాళ్లన్నీ ఎవరి అవసరానికి వారు పట్టుకుపోయారు. 1990ల్లో ఒక టీవీ పురావస్తు బృందం తవ్వకుండానే పరికరాలతో నేలను పరీక్షించి మఠం పునాదుల రూపు పట్టుకుంది. తరువాత జరిగిన తవ్వకంలో ఇనుము కాచిన ఆనవాళ్లు దొరికాయి. అంటే ఇది దాక్కునే చోటు మాత్రమే కాదు, ఆయుధాలు తయారైన చోటు కూడా అయి ఉండవచ్చు. ఆ పరీక్షల చిత్రాల నకళ్లు ఒక్కటైనా చేతికిచ్చి ఉంటే బాగుండేది. నోటి లెక్కతో పునాదులు ఊహించుకోవడం అందరికీ చేతకాదు, నా పక్కనున్న దంపతులు నిరాశగా ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టారు.

నా అసలు ఫిర్యాదు ఈ తరువాతి మజిలీ గురించి. అథెల్నీకి పడమట ఈస్ట్ లింగ్ అనే ఊరుంది. ఆసర్ కాలంలో అథెల్నీ చుట్టూ నీళ్లే. పడవల మీద రావాలి, లేదా లింగ్ వైపు నుంచి కట్టిన పొడవాటి బాట మీదుగా రావాలి. ఆ బాట పడమటి చివరన రాజు చక్కటి కోట కట్టించాడని ఆసర్ రాశాడు. అంటే లింగ్ ఈ లంకకు వాకిలి. ఆల్ఫ్రెడ్ ఈ నెలల్లో నేర్చుకున్న పాఠాన్ని తరువాత దేశమంతటా కోటల వరుసగా మార్చాడు. ఆ కోటల జాబితా ఒకటి నేటికీ ఉంది, అందులో లింగ్‌కు కేటాయించింది 100 హైడ్లు, వించెస్టర్‌కు 2400. హైడ్ అన్నది భూమి లెక్క. ఒక్కో హైడ్‌కు ఒక్కో మనిషిని పంపాలి, సుమారు 5 మీటర్ల గోడకు నలుగురు మనుషులు కాపలా ఉండాలి. ఈ లెక్క వేస్తే లింగ్‌లోని వందమంది కాచింది దాదాపు 126 మీటర్ల గోడ. ఊరి మెడలాంటి ఇరుకు నేలకు అడ్డంగా అంత గోడ చాలు, మిగతా మూడు పక్కలా నీళ్లే గోడ.

ఈ యాత్ర మొత్తానికి తాళంచెవి లాంటి ఈ సంగతి చెప్పడానికి అక్కడ మాకు దక్కింది సరిగ్గా పది నిమిషాలు. ఊరి చర్చి పక్క నిలబెట్టి, చేత్తో అటూ ఇటూ చూపించి, బస్సు సమయానికి అందుకోవలసినవారు ఇద్దరున్నారంటూ వెనక్కి మళ్లించారు. పైన రాసిన 126 మీటర్ల లెక్క ఆవిడ సగంలో వదిలేస్తే, మామగారు ఇంటికొచ్చాక కాగితం మీద వేసి తేల్చారు. గైడ్ తప్పు ఇందులో తక్కువ. పద్దెనిమిది మందిని ఒకే గుంపుగా తోలుతూ మూడు చోట్ల కంచె మెట్లు ఒక్కొక్కరినీ దాటిస్తే సమయం అక్కడే హరించుకుపోతుంది. నిర్వాహకులు పన్నెండుమంది దగ్గర ఆపితే ఈ లోటు ఉండదు. గాలికి ఎదురుగా కట్ట మీద నడుస్తున్నప్పుడు వెనకవారికి మాట వినబడలేదు. ఆవిడకు చిన్న మైకు ఇచ్చినా సరిపోయేది.

కథ ముగింపు కూడా తిరుగు దారిలో, నడుస్తూ నడుస్తూ విన్నదే. ఈస్టర్ తరువాతి ఏడో వారంలో ఆల్ఫ్రెడ్ ఇక్కడి నుంచి బయలుదేరి, సోమర్సెట్, విల్ట్‌షైర్, హ్యాంప్‌షైర్ల నుంచి వచ్చిన జనాన్ని కలుసుకుని, ఎడింగ్టన్ దగ్గర గుత్రమ్‌ను ఓడించి, పద్నాలుగు రోజులు ముట్టడించి లొంగదీశాడు. ఓడినవాణ్ణి చంపలేదు. మూడు వారాల తరువాత గుత్రమ్ ముప్ఫైమంది ముఖ్యులతో అథెల్నీ సమీపంలోని ఆలర్ గ్రామానికి వచ్చి బాప్తిస్మం తీసుకున్నాడు, ఆల్ఫ్రెడ్ అతనికి జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. ఆలర్ వైపు ఒక్క నిమిషం ఆగి వేలు చూపించినా ఈ ఘట్టం మనసుకు ఎక్కి ఉండేది. 1693లో ఇక్కడికి కొద్ది మైళ్ల దూరంలోని నార్త్ పెథర్టన్‌లో దొరికిన ఆల్ఫ్రెడ్ ఆభరణం ఫోటో మాత్రం గైడ్ చేతి నుంచి చేతికి పంపారు. ఆరు సెంటీమీటర్ల పైచిలుకు పొడవున్న ఆ బంగారు వస్తువు చుట్టూ ‘ఆల్ఫ్రెడ్ నన్ను చేయించాడు’ అని పాత ఇంగ్లీషులో అక్షరాలున్నాయి. అసలు వస్తువు ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది. ఈ నడకకు ముందో తరువాతో అక్కడికి వెళ్లిరావడం మంచిది.

ఇప్పుడు సులభమన్న మాట. నేల చదునే, ఎక్కవలసింది మంప్ గుట్ట ఒక్కటే. కాని మార్చిలో ఆ బురద చీలమండ దాకా దిగింది, మామూలు స్పోర్ట్స్ షూలతో వచ్చిన ఇద్దరు సగంలోనే అవస్థ పడ్డారు. కంచెలు దాటే చెక్కమెట్లు ఎత్తుగా, తడిగా ఉన్నాయి. 68 ఏళ్ల మామగారి మోకాళ్లకు అవి పరీక్షే అయ్యాయి. ముందు తెలిసి ఉంటే చేతికర్ర తెచ్చుకునేవాళ్లం. దారిలో మరుగుదొడ్డి వసతి లేదు, తిండి ఎవరిది వారే తెచ్చుకోవాలి. చంటిపిల్లల తోపుడుబండ్లు ఈ దారికి పనికిరావు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు, బురదంటే భయం లేనివారు, హాయిగా నడుస్తారు. మేము బ్రిస్టల్ నుంచి కారులో గంటలో చేరుకున్నాము. రైలులో వచ్చేవారు టాంటన్‌లో గాని బ్రిడ్జ్‌వాటర్‌లో గాని దిగి బస్సో టాక్సీయో పట్టుకోవాలి. లండన్ నుంచి పశ్చిమానికి పోయే రైళ్లు టోన్ అవతల ఈ మిట్ట పక్కనుంచే దూసుకుపోతాయి కాని, అథెల్నీ స్టేషన్‌ను 1964లోనే మూసేశారు.

ఇదే నడకను వేసవిలోనూ నడుపుతారు, అప్పుడు దారి పొడిగా ఉంటుంది, జనమూ ఎక్కువ వస్తారు. అయినా నా ఓటు శీతాకాలం చివరికే. ఎండిన పచ్చికలో నిలబడి చుట్టూ నీళ్లున్నాయని ఊహించుకోవడం కంటే, నిండిన కాలువల మధ్య బురదలో కూరుకుపోయిన బూటు పైకి లాక్కుంటూ ఈ చోట గుర్రపు దండు ఎందుకు పనికిరాదో తెలుసుకోవడం మేలు. కోటలూ రాజమందిరాలూ చూడాలనుకుని వచ్చే చుట్టాలను మాత్రం ఇక్కడికి తీసుకురావద్దు, రోజంతా మీ మీద అలుగుతారు.

నేను ఐదింటికి మూడున్నర ఇస్తాను. గైడ్ ఒక్కరికే అయితే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి. మెట్ల గురించీ, గుంపు పరిమాణం గురించీ, లింగ్ దగ్గర కోతపడిన సమయం గురించీ నిర్వాహకులకు మెయిల్ పెట్టాను. మూడు రోజుల్లో మర్యాదగా జవాబు వచ్చింది. బుకింగ్ వివరాల్లో ‘సులభం’ తీసేసి ‘మధ్యస్థం’ అని మార్చారు, కంచె మెట్లున్నాయని ఒక వాక్యం చేర్చారు. పద్దెనిమిది మాత్రం పద్దెనిమిదిగానే ఉంది.